రిజిస్టరుకెక్కని పాఠకులు

ఆదికేశవులు రెండో పేపరు కుడుతున్నాడు. పేజీలు దేనికవి విడిపోతే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మధ్య పంచాయితీలు వస్తాయి. అందుకని వెన్ను పొడవునా మూడుచోట్ల దబ్బనంతో పొడిచి, మగ్గం నూలుతో ముడి వేస్తాడు. తెగిన పోగును అతకడానికి నేతగాళ్ళు వేసే ముడి అది. పేపరైనా చిరగాలి గానీ ముడి ఊడదు. జిల్లా ఆఫీసువాళ్ళు పదేళ్ళ కిందట ఒక స్టేప్లరు పంపించారు. దాన్ని ఆయన భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిన్ను ఎవరి వేలికైనా గుచ్చుకుంటుందని ఆయన భయం.

నగరిలో నేతపనివాళ్ళు ఉండే వీధి చివర ఒక హాలు, దాని వెనక ఒక చిన్న గది. అదే శాఖా గ్రంథాలయం. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. చుట్టూ ఇళ్ళలో పవర్లూంలు పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి. ఈ వీధిలో పిల్లలు పుట్టగానే గట్టిగా మాట్లాడటం నేర్చుకుంటారు.

ఆదికేశవులుకు అరవై ఒకటి దాటింది. పొట్టి మనిషి. ఎడమ భుజం కుడిదానికన్నా వేలెడు కిందికి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు మగ్గం మీదికి వంగి వంగి అట్లా నిలిచిపోయింది. చొక్కా జేబులో రెండు పెన్నులు ఉంటాయి. నీలంది పాఠకులు సంతకం చేయడానికి, ఎర్రది నెలనెలా పైకి పంపే లెక్క రాయడానికి. ఉద్యోగం పేరు రికార్డు అసిస్టెంటు. ఊడవడం, నీళ్ళకుండ నింపడం, పుస్తకాలు సర్దడం, లెక్క రాయడం అన్నీ ఆయనే. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇదే పని, ఇదే హాలు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ఇన్నేళ్ళలో ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు. పడాలని ఆయనకు తోచనూ లేదు.

రాత్రి షిఫ్టు దిగిన మురుగేష్ లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ళవాడు. జుట్టులో, కనుబొమల మీద, చెవుల అంచుల మీద దూది నూగు. రెండో ఫ్యాను కింది కుర్చీలో కూర్చుని, చేతులు బల్లమీద పెట్టి, వాటిమీద తల వాల్చాడు. ఆదికేశవులు లేచి వీధివైపు కిటికీ రెక్క మూసివచ్చి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఒక్క మాట లేదు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ స్నేహం ఇంతమాత్రమే. మురుగేష్ ఉండే ఒంటిగది ఇల్లు మగ్గాల షెడ్డుకు ఆనుకుని ఉంటుంది. పగలు వాడికి నిద్రపట్టే చోటు ఈ వీధిలో ఇదొక్కటే.

తరువాత కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే యువరాజ్ వచ్చాడు. గుమ్మం పక్కన స్టూలు మీద ఉన్న రిజిస్టరులో పేరు రాసి సంతకం చేశాడు. మురుగేష్ చేయలేదు. చేస్తానన్నా ఆదికేశవులు చేయనివ్వడు. ఆ రిజిస్టరు విషయంలో ఆయన మహా పట్టుదల మనిషి. లోపలికి వచ్చి, పేపరో పుస్తకమో తెరిచి, కనీసం ఒక్క పేజీ చదివినవాడే పాఠకుడు. పాఠకుడికే సంతకం. బొమ్మలు చూసిపోయేవాళ్ళు, ఫ్యాను కింద కూర్చునేవాళ్ళు, అర్జీలు రాయించుకునేవాళ్ళు, అందరికీ కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళు ఇస్తాడు. రిజిస్టరు మాత్రం ముట్టనివ్వడు.

తొమ్మిదికి భవిత పుత్తూరు బస్సు దిగి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, ఊరు పాకాల. తిరుపతిలో లైబ్రరీ సైన్సు చదివింది. ఎనిమిది నెలల కిందట ఈ శాఖకూ, ఇంకో శాఖకూ కలిపి లైబ్రేరియన్‌గా వచ్చింది. ఆమెకన్నా ముందు పనిచేసినవాళ్ళు ఆయన్ని ‘ఏమప్పా’ అని పిలిచేవాళ్ళు. ఆమె ‘కేశవులన్నా’ అంటుంది. ఆ ఒక్క మాటకు ఆయన ఆమె కుర్చీని రోజూ రెండుసార్లు తుడుస్తాడు.

ఇవాళ ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు.

“అన్నా, ఒకసారి లోపలికి రాండి.”

గదిలో బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని పక్కన దుమ్ము దులిపిన పాత ఫైళ్ళు. ఏదో ఐదేళ్ళ ప్లాను రాయాలని ఆమె పదిరోజులుగా తంటాలు పడుతోందని ఆయనకు తెలుసు. జిల్లాలోని ప్రతి శాఖా రాయాలట. వచ్చే ఐదేళ్ళలో ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, ఎవరికోసం చేస్తారు అని పట్టికలు.

“రేపు పదిగంటలకు చిత్తూరులో మీటింగు ఉండాదన్నా. మన ప్లాను నేనే లేచి చెప్పాల. నిన్న ఇంకో కాగితం పంపినారు.”

“ఏమని మేడం?”

“రోజుకు సగటున నలభైమంది పాఠకులు లేని శాఖని దగ్గర్లో ఉండే పెద్ద లైబ్రరీలో కలిపేస్తారంట. మనది ఇరవై రెండు.”

“కలిపేదంటే?”

“ఇది మూసేది. పుస్తకాలూ బల్లలూ బస్టాండు కాడి లైబ్రరీకి పోతాయి.”

ఆదికేశవులు గుమ్మంలోంచి హాల్లోని రెండో ఫ్యాను వైపు చూశాడు. “బస్టాండు దాకా మురుగేష్ పోలేడు మేడం. దావలోనే నిద్రపోతాడు” అన్నాడు.

భవితకు నవ్వు రాలేదు. “నాకు ఇదే అర్థం కాల్యా అన్నా. నేను వచ్చినప్పటి నుంచి చూస్తా ఉండా. హాలు ఎప్పుడూ నిండుగానే ఉంటాది. లెక్కలో ఇరవై రెండు ఎట్ల అయింది? అందుకే పాత రిపోర్టులు తీసినాను. ఇదిగో, చివరి గడి చూడండి.”

నెలనెలా పంపే లెక్కలో ‘ఇతర వినియోగదారులు’ అని చివర ఒక గడి ఉంది. ప్రతి నెలా ఆ గడిలో ఎర్ర సిరాతో, గుండ్రని అక్షరాలతో, ‘లేరు’ అని ఉంది. ముప్ఫై ఏళ్ళ ‘లేరు’లు. ఒక్క నెల కూడా తప్పలేదు.

“లేరు గదా మేడం. వాళ్ళు ఊరికే వచ్చి కూర్చోనేటోళ్ళు. సదివినోళ్ళయితే నేనే సంతకం పెట్టిస్తానే.”

భవిత కళ్ళు బల్లమీదికి దించుకుంది. “నిన్న ఇంకో ఊరి శాఖలో పనిచేసే ఆయన ఫోన్ చేసినాడు. వాళ్ళది పద్దెనిమిదంట. ‘ఒక అంకె మారిస్తే పోతాది, ఎవురు చూడొచ్చినారు’ అన్నాడు. మనం గూడా ఇరవై రెండుని నలభై రెండు చేస్తే...”

“లేనోళ్ళ పేరు నేను రాయను మేడం.”

“ఉన్నోళ్ళ పేరే మీరు రాయలేదు గదన్నా.”

ఆ పిల్ల ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే అది సూటిగా తగిలింది. ఆదికేశవులు జేబులోని ఎర్ర పెన్నును తడిమి, హాల్లోకి వచ్చి నిలబడ్డాడు.

ఆయన పట్టుదల వెనక ఒక మనిషి ఉన్నాడు. రాజారత్నం సారు. పందొమ్మిదేళ్ళ వయసులో ఆదికేశవులుకు అక్షరం ముక్క రాదు. రాత్రంతా ఎవరివో మగ్గాలు ఆడించి, తెల్లవారితే ఇంట్లో ఏడుగురి మధ్య నడుం వాల్చడానికి చోటులేక ఈ హాల్లోకి వచ్చి పడుకునేవాడు. అప్పటి లైబ్రేరియన్ రాజారత్నం సారు లేపలేదు, తిట్టలేదు. రిజిస్టరులో పేరు మాత్రం రాయలేదు. ‘నిద్రపోయినోడి పేరు ఎట్ల రాసేది నాయనా? సదివిన పొద్దు నువ్వే రాద్దువు గానీ’ అన్నాడు. ఆ మాటకు పిల్లవాడికి పౌరుషం వచ్చింది. సినిమా ప్రకటనల్లోని పెద్దక్షరాలతో మొదలుపెట్టి, సారు చూపించగా చూపించగా, ఎనిమిది నెలలకు ఒకరోజు పేపరు మూలనున్న చిన్న వార్తను కూడబలుక్కుని చదివాడు. ఆ రోజు నగరిలో పది నుంచి మూడు దాకా కరెంటు ఉండదట. పరుగెత్తుకుంటూ పోయి మగ్గాల యజమానికి చెప్పాడు. యజమాని నవ్వాడు. సరిగ్గా పదికి కరెంటు పోయింది.

ఆ సాయంత్రం సారు రిజిస్టరు ఇటు తిప్పి పెన్ను చేతికిచ్చాడు. వరుస సంఖ్య ముప్ఫై ఒకటి. తన పేరు రాయడానికి ఆదికేశవులుకు మూడు గళ్ళు పట్టాయి. పెళ్ళినాడు కూడా ఆయన అంత మురిసిపోలేదు. ఈ సంగతి భార్య మునెమ్మకూ తెలుసు. తరువాత సారే చెప్పి ఇక్కడ పనిలో పెట్టించాడు. ఆ పనితోనే పెళ్ళి, ఇల్లు, ఇద్దరు కూతుళ్ళ చదువులు. సారు పోయి ఇరవై ఏళ్ళు. ఆ రిజిస్టరులో ఊరికే ఎవరి పేరైనా రాస్తే సారు ఇచ్చినదాన్ని పలచన చేసినట్టవుతుందని ఆదికేశవులు నమ్మాడు. అంత ప్రేమగా కాపాడుకున్న రిజిస్టరే ఇప్పుడు ఈ హాలుకు తాళం వేయబోతోంది. వేరే ఎవరైనా వేస్తే ఏడ్చి ఊరుకునేవాడు. వేసేది తన చేతిరాత.

“కేశవులన్నా, ఈపొద్దు కొండమీద ఎంతసేపంట?”

గుమ్మంలో పెంచలమ్మ. డెబ్బై ఏళ్ళ ముసలామె. పక్కవీధిలో మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. రోజూ పదింటికి వచ్చి ఒకటే అడుగుతుంది, తిరుమలలో సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోందని. పేపర్లో రోజూ వేస్తారు. ఆమె కొండకు పోయింది జీవితంలో ఒక్కసారి. అయినా గంటలు తెలియకపోతే ఆమెకు ఆ రోజు పని సాగదు.

ఆదికేశవులు పేజీ తిప్పి చూశాడు. “పద్నాలుగు గంటలంట. ముప్ఫై ఒక్క కంపార్టుమెంట్లూ నిండినాయంట.”

“అబ్బ, జనం ఉండారే. పిలకాయల్ని ఎత్తుకోని ఎట్ల నిలబడతారో తల్లీ” అని వాళ్ళందరి తరఫునా కాసేపు నిట్టూర్చి, కుండలో నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళేదాకా చూసి, ఆదికేశవులు మనసులో లెక్క మొదలుపెట్టాడు. మురుగేష్ ఒకటి. పెంచలమ్మ రెండు. మగ్గాల చప్పుడుకు పసిబిడ్డ నిద్రపోవడం లేదని ఎత్తుకొచ్చి మూల బెంచీ మీద పడుకోబెట్టిన అమల మూడు. బిడ్డను లెక్కపెట్టాలా వద్దా అని ఆయనకు సందేహం వచ్చింది. కోర్టు నుంచి వచ్చే కాగితాలు చదివించుకోవడానికి నెలకు రెండుసార్లు వచ్చే సుబ్బన్న. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో కొలువులకు ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టించుకోవడానికి భవిత చుట్టూ తిరిగే ఆడపిల్లలు ఏడెనిమిదిమంది. పదకొండు గంటలయ్యేసరికి ముప్ఫై నాలుగు దాకా వచ్చి ఆగిపోయాడు. అందులో ఒక్కరు కూడా రిజిస్టరులో లేరు.

మధ్యాహ్నం ఇంట్లో మునెమ్మ సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఆయన ముద్దలో గుంట చేసి అట్లాగే కూర్చున్నాడు. కొంతసేపటికి అంతా చెప్పాడు.

మునెమ్మ కండెల రాట్నం ఆపలేదు. విని, “నేను నీకు మాపటికి టీ తెచ్చిస్తా ఎన్నేండ్లు అయ్యింది?” అంది.

“మన పెండ్లయినప్పటి నించీ తెస్తా ఉండావు.”

“తెచ్చి ఊరికే పోతినా? వారపత్రికల్లో బొమ్మలన్నీ చూసేదాన్ని గదా. చీరలూ, ముగ్గులూ. ఆ బొమ్మల్ని జూసి ముగ్గులు ఏసి, మూడు తూర్లు వీధిలో ప్రైజు కొట్టినాను. నన్ను ఎన్నిసార్లు రాసినావు నీ పుస్తకంలో?”

ఆదికేశవులు ముద్దలో చేసిన గుంటను వేలితో పూడ్చాడు.

“నాకు చదువు రాదు, సరే. నేర్పిస్తానని నువ్వైనా అడిగితివా?”

ఆమె దీన్ని కోపంగా అనలేదు. రాట్నం తిప్పుతూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది. ఆదికేశవులు మాత్రం కంచం పక్కకు జరిపాడు. రాజారత్నం సారు రెండు పనులు చేశాడు. చదవనివాడి పేరు రాయలేదు, అది ఒకటి. ఎనిమిది నెలలపాటు పక్కన కూర్చుని అక్షరాలు చూపించాడు, అది రెండు. ఆదికేశవులు మొదటిదాన్ని పట్టుకుని ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపలా కాశాడు. రెండోది ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు. మురుగేష్‌కు ఇరవై రెండేళ్ళు కిటికీ మూశాడు గానీ, వాడు నిద్రలేచాక ఒక్క అక్షరమన్నా చూపించలేదు.

చెయ్యి కడుక్కుని మెట్లు దిగాడు. ఎప్పుడూ మధ్యాహ్నం కాసేపు పడుకునే మనిషి ఎండలో ఎక్కడికి పోతున్నాడని మునెమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. ఆయన బజారు వైపు పోతున్నాడు.

నాలుగింటికి భవిత వచ్చేసరికి గ్రంథాలయం తెరిచి ఉంది. రిజిస్టరు స్టూలు మీద కాదు, పెద్ద బల్లమీద ఉంది. దాని పక్కన కొత్త స్టాంపు ప్యాడు, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ, ఒక పెద్ద ఊదా సిరా సీసా.

“ఇదేందన్నా, ప్యాడులో సిరా ఉండనే ఉండాది గదా. ఇంత పెద్ద సీసా ఎందుకు?”

“అయిపోతే పోసుకోను.”

“ఇది మనకు ఐదేళ్ళు వస్తాది.”

“మీరు ప్లాను రాసేది ఐదేండ్లకే గదా మేడం.”

అప్పుడు నవ్వింది భవిత, ఆ రోజు మొదటిసారి. నవ్వి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. రిజిస్టరులో వచ్చినవాళ్ళ పేరు, వీధి, వేలిముద్ర. విడిగా ఒక కాగితం మీద ఎన్నేళ్ళుగా వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు అన్నది వాళ్ళ మాటల్లోనే ఆమె రాసుకుంటుంది. గడిచిన రోజులకు ఒక్క పేరు కూడా ఎక్కించరు. ఇది ఇద్దరూ అనుకున్న కట్టుబాటు.

మొదట ఎవరూ ముందుకు రాలేదు. వేలిముద్ర అంటే ఎవరికైనా నామోషీనే. సంతకం వచ్చినవాళ్ళ ముందు బొటనవేలు చాపడం ఎవరికిష్టం? ఆదికేశవులు వీధిలోకి వచ్చి, షిఫ్టుకు బయలుదేరుతున్న మురుగేష్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

“నాకు వేలు పడదన్నా” అన్నాడు మురుగేష్. “రేషను అంగట్లో మిషను నన్ను ఎప్పుడూ ఒప్పుకోదు. నూలు పట్టి పట్టి గీతలన్నీ అరిగిపోయినాయంట. మా ఆడది పోతేనే బియ్యం.”

“ఇది మిషను కాదప్పా, సిరా. సిరా ఎవుర్నీ కాదనదు. తే.”

బొటనవేలు ప్యాడు మీద అద్ది, రిజిస్టరు మీద దొర్లించి తీశాడు. గీతలు లేవు, నిజమే. నున్నటి ఊదా మచ్చ, అండాకారంలో. మురుగేష్ దాన్ని వంగి చూశాడు.

“ఎందుకు వస్తా ఉండావని రాయమంటావు?” అని అడిగింది భవిత.

వాడు సిగ్గుపడ్డాడు. “నిద్దరకని రాయండి మేడం. అబద్ధం దేనికి.”

“ఎన్నేళ్ళుగా?”

“మా పెద్దది పుట్టినప్పటి నించీ. ఇరవై రెండు. కేశవులన్న కిటికీ మూస్తాడు. ఆ మాట గూడా రాయండి.”

ఆ తరువాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. మురుగేష్ షెడ్డుకు పోయి చెప్పాడు. ఒకరి వెంట ఒకరు వచ్చారు. పెంచలమ్మ బొటనవేలితో పాటు ఎందుకైనా మంచిదని చూపుడువేలు కూడా వేసింది. సుబ్బన్న తన కోర్టు కేసు మొత్తం రాయించబోయాడు, రెండు వాక్యాల దగ్గర భవిత ఆపింది. అమల సంతకమే చేయగలదు, చేసింది. బిడ్డ వేలు కూడా వేయిస్తానంటే ఆదికేశవులు ఒప్పుకోలేదు. ఏదో ఒక నియమం మిగలాలి గదా. చీకటి పడే వేళకు యువరాజ్ పుస్తకం మూసి, వరుసలో ఉన్నవాళ్ళకు వేళ్ళు తుడుచుకోవడానికి గుడ్డ అందించడం మొదలుపెట్టాడు.

ఆరున్నరకు మునెమ్మ టీ చెంబుతో వచ్చింది. వరుసలో అందరికన్నా చివర నిలబడింది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆదికేశవులు తల ఎత్తకుండా నీలం పెన్నుతో ‘మునెమ్మ’ అని రాశాడు. ఇన్నేళ్ళ కాపురంలో రేషను కార్డు అర్జీల మీద, ఆసుపత్రి చీటీల మీద ఆ పేరు ఎన్నోసార్లు రాశాడు. ఇక్కడ రాయడం ఇదే మొదలు. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి.

“ఎందుకు వస్తారని రాయమంటారక్కా?” భవిత అడిగింది.

“బొమ్మలు చూసేదానికి. ఇంక పైన అచ్చరాలు నేర్చుకునేదానికని గూడా రాయి. ఈయప్ప నేర్పిస్తాడంట.”

నేర్పిస్తానని ఆదికేశవులు ఆమెతో ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆమెకు తెలిసిపోయింది. బజారు నుంచి తిరిగి వచ్చిన మనిషి చేతి సంచిలో సిరాతో పాటు నాలుగు పలకలు కూడా ఉండటం ఆమె చూసింది.

ఏడింటికి లెక్క తేలింది. ఆ ఒక్క పూటకు డెబ్బై ఒకరు. అందులో చదివేవాళ్ళు ఇరవై నాలుగు. భవిత కాగితాలన్నీ సర్ది, “ఇప్పుడు ప్లాను రాద్దామన్నా. ఐదేళ్ళలో ఈడ ఏం కావాలో మీరే చెప్పండి” అంది.

ఆ ప్రశ్న ఆయన్ని ఇంతకుముందు ఎవరూ అడగలేదు. లెక్కలు అడిగారు, తాళాలు అడిగారు, చిరిగిన పుస్తకాలకు సంజాయిషీ అడిగారు. ఆయన హాలంతా ఒకసారి కలయజూశాడు.

“వీధివైపు కిటికీకి మందం అద్దం కావాల మేడం. గాలి కోసరం తెరిస్తే చప్పుడు, మూస్తే ఉక్క. రాత్రి షిఫ్టు వాళ్ళకు గోడవారగా రెండు బెంచీలు. పొద్దున పదింటికి పేపరు పైకి సదివేదానికి ఒక గంట. మాపటికి అచ్చరాలు సెప్పేదానికి ఒక మనిషి.”

భవిత వేళ్ళు టకటకలాడాయి. ఆమె రాసింది చదివి వినిపించింది. శబ్ద నియంత్రణతో కూడిన విశ్రాంతి విభాగం, సామూహిక పఠన సేవ, వయోజన అక్షరాస్యతా కేంద్రం అని ఉంది.

“నేను సెప్పింది ఇదేనా మేడం?”

“ఇదేనన్నా. ఇస్త్రీ చేసినాను.”

“అచ్చరాలు సెప్పే మనిషి అని రాసిన తావున నా పేరు పెట్టండి. రిటైరయినాక గూడా నేనే వస్తా. జీతం వద్దు.” ఆయన లేచి గోడ మీద చెయ్యి వేశాడు. “ఈ నాలుగు గోడలు నాకు అన్నం పెట్టినాయి మేడం. నిద్దర పెట్టినాయి, అచ్చరం పెట్టినాయి. మా సారు నాకిచ్చింది పెట్టెలో పెట్టి తాళం యేస్తే అది నాతోనే పోతాది గదా. ఆ తెలివి ఇన్నాళ్ళకు వచ్చె. అదీ మీరు ఆ మాట అనబట్టి. మీకు నేను శానా రుణపడినాను.”

భవిత ల్యాప్‌టాప్ మూసింది. తనే ఆయనకు రుణపడ్డానని చెప్పాలనుకుంది. బస్సుకు టైమైంది. రేపు చిత్తూరు నుంచి ఫోన్ చేస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఆదికేశవులు కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, తాళం వేసి, మునెమ్మతో కలిసి ఇంటికి నడిచాడు. దారిలో ఆమెకు ఒక దుకాణం బోర్డు చూపించి మొదటి అక్షరం ఏదో చెప్పాడట. ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. ‘మ’.

మర్నాడు చిత్తూరు మీటింగులో భవిత వంతు పదకొండున్నరకు వచ్చింది. ప్లాను చెప్పి, డెబ్బై ఒక్కమంది వేలిముద్రలూ సంతకాలూ ఉన్న రిజిస్టరు నకలును, వాళ్ళ మాటలున్న కాగితాలను బల్లమీద పెట్టింది. పెద్దాఫీసరు మురుగేష్ కాగితం దగ్గర ఆగి, “నిద్రకు వస్తాడా?” అని అడిగి, చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మిగతావాళ్ళ లెక్కల్లో పాఠకులు అంకెలుగా ఉన్నారని, ఇందులో మాత్రం మనుషులుగా ఉన్నారని అన్నాడు. ముప్ఫై ఏళ్ళ ‘లేరు’ల సంగతి భవిత దాచకుండా చెప్పింది. ఈ శాఖను కలిపే జాబితాలోంచి తీసేయమని, ఏడాది తరువాత మళ్ళీ చూద్దామని, అక్షరాలు చెప్పే ఆ పెద్దాయనను ఒకసారి పిలిపించమని ఆఫీసరు గుమాస్తాకు చెప్పాడు.

భవిత వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక మునెమ్మ ఎత్తింది.

“అక్కా, కేశవులన్నకు ఇయ్యండి. మనది ఉంచినారు. మూసేది లేదు.”

అవతల జనం గొంతులు వినిపించాయి. తరువాత మునెమ్మ మెల్లగా చెప్పింది. “ఆయప్ప లేడు తల్లీ. తెల్లవారుజామున నీళ్ళడిగినాడు. చెంబు తెచ్చేలోపల పోయినాడు. నీకు మీటింగు ఉండాదని, నీకు చెప్పొద్దని అందరితో నేనే అంటి.” ఆగి, “ఉంచినారా? నేను ఆయప్ప చెవిలో చెప్తాలే” అంది.

అంత్యక్రియలకు వీధి మొత్తం వచ్చింది. పేపరు కుట్టే మనిషి పోయాడని ఏ పేపర్లోనూ రాలేదు. మూడోరోజు పొద్దున భవిత ఒక్కతే వచ్చి తాళం తీసింది. మురుగేష్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, ఎప్పటి కుర్చీలో కూర్చోకుండా, వీధివైపు కిటికీ రెక్క తానే మూశాడు. ఆదికేశవులు బల్లకింద పెట్టిపోయిన సంచిలోంచి పలకలు తీసి గోడవారగా పేర్చాడు. భవిత రిజిస్టరు తెరిచి తేదీ వేసి, మొదటి గడిలో వాడి పేరు రాసి, “వేలు తేన్నా” అంది.

బల్లమీద ప్యాడు ఇంకా తడిగానే ఉంది. దాని పక్కన, దుకాణంవాడు అంటించిన చీటీ కూడా ఊడని ఊదా సిరా సీసా, సీలు తీయకుండా, మెడ దాకా నిండుగా ఉంది.